టేకు మేస్త్రి కిటికీ

నీళ్ళు మూడో మెట్టెక్కి తొమ్మిది రోజులు దిగకుండా కూర్చున్న వరద ఒకటి వచ్చింది. ఇది ఆ మరుసటి ఏడు సంగతి. ఆ వరద పోతూ పోతూ ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి పట్టుకుపోయింది. టేకు మేస్త్రి ఇంట్లో మాత్రం ఏమీ పట్టుకుపోలేదు. ముందుగది కిటికీ రెక్కల్ని ఉబ్బించి వెళ్ళిందంతే. మూసి ఉన్న రెక్కలు మూసినట్టే బిగుసుకుపోయాయి.

మేస్త్రికి మాటలు తక్కువ. "కుదరదు", "చూద్దాం" అనే రెండు మాటలతోనే నలభై ఏళ్ళు వడ్రంగం చేశాడు. వరద తర్వాత మూడో మాట ఒకటి చేరింది. భార్య కిటికీ సంగతి ఎత్తినప్పుడల్లా "ఎండితే సర్దుకుంటుంది" అనేవాడు. ఏడాది ఎండింది. సర్దుకోలేదు.

భార్యది కుట్టుపని. మిషను ఆ కిటికీకి ఆనుకునే ఉంటుంది. వరదలో అది ఒరిగిపోయిందని, నీళ్ళు తీశాక ఆవిడ దాని నాలుగు కాళ్ళనీ నేలకి బోల్టులతో బిగించేసింది. "ఈసారి వరదొస్తే ఇల్లు పోవాలి గానీ నా మిషను కదలదు" అంది. గుండుసూదులు, దారం సూదులు అన్నీ కిటికీ చట్రానికే గుచ్చి పెట్టుకుంటుంది. చెయ్యి చాపితే అందాలి కదా.

ఏడాదిగా ఆవిడ బల్బు వెలుతుర్లో కుడుతోంది. ఆ వెలుతురు ఆవిడ నెత్తిమీద పడుతుంది, గుడ్డమీద నీడ పడుతుంది. ఆ నెలలో ఒక చొక్కాకి చెయ్యి మెడ దగ్గర కుట్టింది. ఆ చొక్కా మనిషి అది తొడుక్కుని అద్దం ముందు చాలాసేపు నిలబడి, లోపం తన ఒంట్లోనే ఉందనుకుని వెళ్ళిపోయాడు. ఇంకో చొక్కాకీ అలాగే అయింది, ఆ మనిషి మాత్రం లోపం తనదనుకోలేదు. వీధంతా వినపడేలా అరిచి వెళ్ళాడు. ఇంకొక చొక్కా అలా అయితే మిషను మీద గుడ్డ కప్పేసుకోవలసిందే అని ఆవిడకి తెలుసు.

మర్నాడు పొద్దున టీ గ్లాసు మేస్త్రి ముందు పెట్టి చెప్పింది.

"ఇవాళ ఆ రెక్కలు తీసేస్తున్నాం. బ్లైండ్స్ కొంటున్నాను, అదే పట్టీల తెర."

"కుదరదు."

"మిమ్మల్ని అడగలేదండీ. చెబుతున్నాను."

"కొత్త రెక్కలు చేస్తా. చూద్దాం."

"రెక్కలు తీస్తే ఎదురుగా ఆ నీలం అద్దాల మేడ. మధ్యాహ్నం అయ్యేసరికి సూర్యుణ్ణి తెచ్చి నా కళ్ళల్లో పెడుతుంది. మూస్తే చీకటి, తీస్తే మంట. పట్టీల తెరైతే నాకు కావలసినంత తెరుస్తా, అక్కర్లేనంత మూస్తా. అల్లుణ్ణి రమ్మన్నాను. మీరూ వస్తే రండి, రాకపోతే ఇల్లు చూస్కోండి."

మేస్త్రి చెప్పులు తొడుక్కున్నాడు. కొనడానికి కాదు, కాపలాకి.

అల్లుడు అద్దాలు కోసేవాడు. మంచివాడు. ఆ మంచితనం వల్లే ఎవరేం అడిగినా నిజం చెప్పేస్తాడు. వాడే ఇద్దర్నీ దుకాణానికి తీసుకెళ్ళాడు. దుకాణాయన పొట్ట మీద చేతులు పెట్టుకుని నవ్వుతూ, చెక్కముక్కల్లాంటివి ఒక గుత్తి తెచ్చి బల్లమీద పరిచాడు.

"ఇవి చూడండమ్మా. చెక్క రంగు, చెక్క గీతలు, చెక్క నునుపు. కానీ చెక్క కాదు. నీళ్ళు పడితే తుడుచుకోవడమే. ఉబ్బదు, వంగదు, చెదపట్టదు."

మేస్త్రి ఒక పట్టీ తీసుకుని గోటితో కొట్టాడు. వాసన చూశాడు. బల్లమీద పడేశాడు.

"చెక్కలాంటిది సార్ ఇది," అన్నాడు దుకాణాయన.

"నేను మేస్త్రిలాంటివాణ్ణి కాదు. మేస్త్రిని," అన్నాడు మేస్త్రి. "చెక్క అంటే చెక్కే. చెక్క అబద్ధం ఆడదు. ఇది నా ఇంట్లోకి రాదు."

ఆయన ఒక్కసారి అంత మాట్లాడటం అల్లుడు పెళ్ళయ్యాక ఎప్పుడూ వినలేదు. భయపడి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆవిడ మాత్రం తలెత్తలేదు. గుత్తిలో ఒక్కొక్క పట్టీనే వెలుతురుకి పెట్టి చూసింది. తెల్లది బూడిద రంగు కొడుతోందని పక్కన పెట్టింది. నలుపు చూసి ఎండకి కాలుతుందంది. చివరికి ఒకటి తీసింది.

"ఇదేం రంగు బాబూ?"

"టేకు రంగమ్మా. ఒట్టు, చెప్తే తప్ప ఎవరూ కనిపెట్టలేరు."

"కనిపెట్టినా పైకి చెప్పకపోతే సరి," అంది ఆవిడ. "ఇదే ఇవ్వు. మా ఇంట్లో ఉన్నది టేకే కదా, కలుస్తుంది."

మేస్త్రి చేతిలో గ్లాసు ఒలికింది.

దానికి కారణం ఉంది. ముప్పై ఆరేళ్ళ కిందట, పెళ్ళికి ముందు, ఆయన పెళ్ళికూతురితో ఒక మాటన్నాడు. "టేకు కిటికీ ఉన్న ఇంట్లోకి తీసుకెళ్తా" అని. అప్పటికి ఇల్లు లేచింది గానీ కిటికీ చోట గోడకి కన్నమే ఉంది. టేకు కొనే తాహతు లేదు. రేవులో సరుకు పెట్టెలు విప్పగా పారేసిన చెక్కలు తెచ్చాడు. చిత్రిక పట్టాడు, రంగు పూశాడు, దువ్వెనతో గీతలు గీశాడు, పైన నాలుగు పూతల వార్నీషు వేశాడు. చూసినవాళ్ళకి అనుమానం రాకుండా చట్రానికి అటూ ఇటూ నిలబెట్టే కమ్ములు బాగా వెడల్పు పెట్టాడు, పక్కకి నాలుగున్నర అంగుళాలు. వీధివీధంతా వచ్చి చూసింది. "ఎంత టేకు పోశాడయ్యా!" అంది. టేకు మేస్త్రి అన్న పేరు అప్పుడే వచ్చింది. ఆ పేరు చూసే జనం పని ఇచ్చారు, పని వచ్చాక ఊళ్ళో వాళ్ళందరికీ అసలు టేకుతోనే చేశాడు. తన ఇంటి కిటికీ మాత్రం అలాగే ఉండిపోయింది. దాని మీద ఎవరైనా బరమా పెట్టి ఒక్క తిప్పు తిప్పితే చాలు, తెల్లటి పొట్టు రాలుతుంది. పేరూ రాలుతుంది.

ఇది తన ఒక్కడికే తెలుసని మేస్త్రి నమ్మకం. అందుకే ఏడాదిగా ఎండనిస్తున్నాడు.

ఇంటికి రాగానే రెక్కలు తనే ఊడదీశాడు. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. వెనక గదిలో గోడవైపు తిప్పి నిలబెట్టాడు. "సాయం పడతా మామయ్యా" అని అల్లుడు వస్తే "కుదరదు" అన్నాడు.

అల్లుడు ఆ ఉబ్బిన రెక్కల్ని చూసి ఊరుకోలేకపోయాడు. "టేకు నీళ్ళకి ఇంతలా ఉబ్బదంటారే మామయ్యా?"

"వరద నీళ్ళు," అన్నాడు మేస్త్రి. అల్లుడికి అది జవాబో కాదో తేలలేదు.

ఇక కొలతలు. ఆ ఇంట్లో ముగ్గురూ కొలతల మీద బతికేవాళ్ళే. ఒకరిది చెక్క, ఒకరిది గుడ్డ, ఒకరిది అద్దం. అందుకని వాళ్ళలో ఒక కట్టుబాటుంది. ఒకరు కొలిచింది ఇంకొకరు మళ్ళీ కొలవకూడదు. కొలతని అనుమానిస్తే మనిషిని అనుమానించినట్టే.

ఆవిడ టేపు పెట్టి కొలిచింది. చట్రం లోపల నలభై ఎనిమిది అంగుళాలు వచ్చింది. ఎన్నో ఏళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే కుట్టుకి అటో అంగుళం ఇటో అంగుళం వదిలింది. కాగితం మీద యాభై అని రాసి, ఆ కాగితాన్ని గుండుసూదితో చట్రానికి గుచ్చి వంటగదిలోకి వెళ్ళింది.

మేస్త్రి ఆ కాగితం ముందు నిలబడ్డాడు. తెర చట్రం లోపల పడితే దుకాణాయన చట్రానికి బెజ్జాలు వేస్తాడు. చట్రం మీద గోడకి వేలాడితే బెజ్జాలు గోడకే పడతాయి. యాభై అయినా లోపల పట్టదు. కానీ ఈ దుకాణాలవాళ్ళు దేనికైనా సమర్థులు, రెండంగుళాలు కోసి అయినా పట్టించేస్తారు. చెవి మీది పెన్సిలు తీశాడు. సున్నాని రెండు చేశాడు. యాభై రెండు. ఆయన ఆ ఏడాదిలో మొదటిసారి ఈల వేశాడు.

కాగితం దుకాణానికి చేర్చాల్సింది అల్లుడు. అద్దాలవాళ్ళు ఏ కొలతకైనా రెండు నూళ్ళు, అంటే పావంగుళం, తగ్గిస్తారు, లేకపోతే అద్దం బిగిసి పగులుతుంది. పెళ్ళయిన కొత్తలో అతను మామగారి బీరువాకి అలాగే తగ్గించి కోశాడు. మామగారు అప్పటికే తగ్గించి ఇచ్చారని తెలీదు. అద్దం చట్రంలోంచి జారి, అందరూ చూస్తుండగా నేలమీద పడి ముక్కలైంది. మామగారు కోప్పడలేదు. "చూద్దాం" అన్నారు. ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నారు. ఈసారి తక్కువ అనిపించుకోకూడదని అల్లుడు దారిలో ఆగి, కాగితం మీద అంకె దిద్ది ఒక అంగుళం కలిపాడు. యాభై మూడు.

"లోపలికా బాబూ, గోడమీదికా?" అనడిగాడు దుకాణాయన.

"తెలీదండీ. మామయ్య ఏం చెప్పలేదు," అన్నాడు అల్లుడు. అది నిజమే.

యాభై మూడంటే అది గోడమీదికే అయ్యుంటుందని దుకాణాయన అనుకున్నాడు. గోడమీదికైతే వెలుతురు పక్కనించి దూరకుండా అటు రెండు, ఇటు రెండు కలపడం వాళ్ళ పద్ధతి. యాభై ఏడు అని కోతకి పంపాడు. చీటీ అడుగున ఎర్రక్షరాలతో అచ్చేసి ఉంది: కోసిన సరుకు వాపసు తీసుకోబడదు.

ఎనిమిదో రోజున సరుకు వచ్చింది. దుకాణాయనే స్వయంగా బిగించడానికొచ్చాడు. మేస్త్రి వెన్నంటే ఉండి వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ. గోడకి. చట్రాన్ని తాకొద్దు." దుకాణాయన గోడకి బెజ్జాలు వేసి తెర తగిలించి, తాడు లాగాడు. టేకు రంగు పట్టీలు టకటకా దిగివచ్చాయి. దిగి, మిషను చక్రం మీద పడ్డాయి. చట్రం ముందు వేలాడే తెరకీ, చట్రాన్ని ఆనుకుని ఉన్న మిషనుకీ మధ్య చోటే లేదు. మేస్త్రి అన్నీ లెక్కేశాడు గానీ మిషను సంగతి మర్చిపోయాడు.

"కుట్టి చూస్తానుండు," అంది ఆవిడ. చేతికందిన పరికిణీ ఒకటి సూది కింద పెట్టి తొక్కింది. నాలుగు కుట్లు పడ్డాయో లేదో తెర తాడు చక్రంలోకి వెళ్ళింది. తెర మొత్తం గర్రుమంటూ మిషనులోకి దిగసాగింది. దుకాణాయన ఆపబోయి వంగాడు. ఆయన చొక్కా అంచు సూది కిందికి పోయింది. ఆవిడ కాలు ఆపేసరికి చొక్కా అంచూ, తెర తాడూ, ఎవరిదో పరికిణీ కలిసి ఒకే వరస కుట్టయ్యాయి. కుట్టు మాత్రం చక్కగా వచ్చింది.

"అమ్మా, కత్తెర," అన్నాడు దుకాణాయన వంగినవాడు వంగినట్టే ఉండి.

"ఆగు నాయనా. పరికిణీ ఎవరిదో. కుట్టు విప్పాలి, కొయ్యకూడదు."

"మిషను జరపండి అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"నేలకి బిగించాను కదా."

"తెర తీసెయ్," అన్నాడు మేస్త్రి. గోరుచుట్టు మీద రోకటిపోటు పడినా ఆయనకి ఎక్కడో సంతోషంగానే ఉంది. "పంపెయ్. కుదరదు."

"వాపసు తీసుకోం సార్," అన్నాడు దుకాణాయన మిషను మీదనుంచే.

ఆవిడ కుట్టు విప్పడం ఆపింది. లేచింది. తెరని చూసింది, కిటికీని చూసింది, మొగుణ్ణి చూసింది.

"తెర వెనక్కి పోదు. మిషను కదలదు. అల్లుడూ, ఈ చట్రం బయటినించి బయటికి ఎంతుంది?"

అల్లుడు మామగారి మొహం చూసి, అయినా నిజమే చెప్పాడు. "నలభై ఎనిమిది, అటు నాలుగున్నర, ఇటు నాలుగున్నర. యాభై ఏడత్తయ్యా."

తెర యాభై ఏడు. చట్రం తీసేస్తే గోడలో ఖాళీ సరిగ్గా యాభై ఏడు. నలుగురు మనుషులు కట్టకట్టుకుని చేసిన తప్పు, వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయింది.

"తెర పెద్దది కాలేదు. కిటికీ చిన్నదైంది," అంది ఆవిడ. "చట్రం తీసెయ్యి. తెర గోడలోకి వెళ్తుంది, మిషనుకి తగలదు."

మేస్త్రి వెళ్ళి కిటికీలో నిలబడ్డాడు. రెండు చేతులూ రెండు కమ్ములకీ ఆన్చాడు.

"కుదరదు."

"జరగండి."

"ముప్పై ఆరేళ్ళ పేరు ఇది. కుదరదు."

"ఏడాది చీకటి నాది. చాల్లెండి. అల్లుడూ, పలుగు తీసుకో."

"మామయ్యా, కాస్త పక్కకి..."

"నన్ను తీసి, తర్వాత కిటికీ తియ్యి."

"ఆయన్నీ కలిపే తీసెయ్యి," అంది ఆవిడ.

అల్లుడు ఎటూ తేల్చుకోలేక, ఎవరి మాటా కాదనలేక, గోడకీ చట్రానికీ మధ్య పలుగు మొన పెట్టి కొంచెమే వత్తాడు. టేకు చట్రమైతే ఆ వత్తుడికి కిర్రుమనేది కూడా కాదు. ఇది ఏడాదిగా గోడలో తేమ తాగుతున్న పెట్టె చెక్క. చట్రం మొత్తం, దాన్ని కౌగిలించుకున్న మేస్త్రితో సహా, బరబరా జారి వీధిలో పడింది. పక్కింటివాళ్ళు పోయించుకున్న ఇసకకుప్ప ఉండబట్టి దెబ్బ తగల్లేదు.

చట్రం బోర్లాపడింది. ముప్పై ఆరేళ్ళు గోడలో ఉన్న వైపు పైకి తేలింది. ఆ వైపుకి రంగు లేదు, వార్నీషు లేదు, చిత్రిక కూడా పట్టలేదు. గోడలో ఉండేదాన్ని ఎవరు చూడొచ్చారని అప్పుడు అనుకున్నాడు. తెల్లటి చెక్కమీద నల్లటి అక్షరాలు నిన్న అచ్చేసినట్టున్నాయి. మేస్త్రి చటుక్కున వాటిమీద బోర్లా పడుకున్నాడు.

జనం పోగయ్యారు. "దెబ్బ తగిలిందా మేస్త్రీ? లే," అన్నారు.

"కుదరదు," అన్నాడు మేస్త్రి చట్రంలోంచి.

మనిషి ఒక్కడు, కమ్ములు రెండు. ఒక దాన్నే కప్పగలిగాడు. ఎదురింటి గుమస్తాకి అక్షరం కనిపిస్తే పైకి చదవడం జబ్బు. కళ్ళజోడు సవరించుకుని రెండో కమ్మి చదివాడు.

"గాజు సామాను. జాగ్రత్త. ఈ వైపు పైకి." కాసేపాగి అన్నాడు, "బాణం గుర్తు కిందికుంది మేస్త్రీ. తల్లకిందులుగా పెట్టావు."

ఎవరో కిసుక్కుమన్నారు. "ఇదా టేకు?" అన్నారు ఇంకెవరో. ఇసకలో మేస్త్రి వీపు కదల్లేదు. తేలు కుట్టిన దొంగ కూడా అంత నిశ్శబ్దంగా పడుకోడు.

గోడకి పడిన కన్నంలోంచి ఆవిడ తల బయటికి పెట్టింది.

"ఏంటి నవ్వు? ఏంటంట?" అంది. "తొమ్మిది రోజులు నీళ్ళల్లో నిలబడింది అది. గుమస్తాగారూ, మీ అసలు టేకు తలుపు ఎక్కడుందండీ? వంతెన కింద దొరికిందా, ఇంకా దిగువకి పోయిందా? మీకు చేసిన టేకు బీరువాలో ఒక్క ముక్క నకిలీ ఉందేమో ఎవరైనా వచ్చి చెప్పండి. అందరికీ అసలుది పెట్టి, తన ఇంటికి పెట్టెచెక్క పెట్టుకున్నాడు. నవ్వేవాళ్ళు ముందు వాళ్ళ తలుపులు వెతుక్కోండి. వెళ్ళండి, పనుల్లేవా?"

జనం కదిలారు. గుమస్తా అందరికంటే ముందు కదిలాడు. మేస్త్రి మెల్లిగా లేచి కూర్చున్నాడు. మీసాల నిండా ఇసక.

"నీకు తెలుసా?" అన్నాడు.

"కాపురానికొచ్చిన మూడో రోజునే."

"ఎట్లా?"

"ముప్పై ఆరేళ్ళుగా దానికి గుండుసూదులు గుచ్చుతున్నానండీ. టేకులో సూది దిగుతుందా?"

మేస్త్రి మీసాల్లో ఇసక దులుపుకున్నాడు. ముప్పై ఆరేళ్ళూ రోజూ కళ్ళెదురుగా చూశాడు ఆ సూదుల్ని. ఒక్కసారీ తట్టలేదు.

"మరి చెప్పలేదేం?"

"చెబితే పౌరుషానికి పోయి అసలు టేకు పెడతారు. నా సూదులు ఎక్కడ గుచ్చుకోను?"

లోపల్నుంచి దుకాణాయన గొంతు వినపడింది. "అమ్మా, నన్ను కాస్త విప్పుతారా?"

సాయంత్రానికి అల్లుడు కన్నం అంచులు చదును చేశాడు. దుకాణాయన, చొక్కా అంచుకి ఉచితంగా పడిన వరస కుట్టుతో, తెరని ఖాళీలో సరిగ్గా ఇమిడ్చి వెళ్ళాడు. ఆవిడ పట్టీలు కొంచెం తిప్పింది. నీలం అద్దాల మంట పైకప్పుకి పోయింది, వెలుతురు గుడ్డమీదికొచ్చింది. ఈసారి చొక్కా చెయ్యి భుజం దగ్గరే పడింది. అలవాటుకొద్దీ గుండుసూది తీసి పక్కకి గుచ్చబోయింది. పట్టీ మీద సూది జారింది. గోడమీద వంగింది. చేసేది లేక సూదులన్నీ పెదాల మధ్య పెట్టుకుని కుట్టింది.

పెదాల మధ్య సూదులుంటే మాట్లాడటం కుదరదు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో మాటలు వినపడలేదు. తను మాట్లాడకపోతే ఇల్లెలా ఉంటుందో మేస్త్రికి తెలుసు. ఆవిడ మాట్లాడకపోతే ఎలా ఉంటుందో మాత్రం ఆయన ఎప్పుడూ ఎరగడు. రెండుసార్లు దగ్గాడు. ఆవిడ తలూపింది, అంతే.

మర్నాడు తెల్లారగానే మేస్త్రి వీధిలోకెళ్ళి, అందరూ చూస్తుండగా, చట్రం లోంచి జానెడు ముక్క కోశాడు. అక్షరాలున్న వైపే కోశాడు. మూలలు గుండ్రం చేశాడు. రంగు పుయ్యలేదు, వార్నీషు వెయ్యలేదు. లోపలికి తెచ్చి, మిషనుకి కుడిపక్కన, ఆవిడ చెయ్యి చాపితే అందేచోట గోడకి కొట్టాడు. ఈసారి బాణం గుర్తు పైకి పెట్టాడు.

ఆవిడ ఒక్కొక్క సూదే తీసి దానికి గుచ్చింది. నోరు ఖాళీ అయ్యింది. కొంచెం వెనక్కి వాలి చూసింది.

"వంకరగా కొట్టారు," అంది.

"ఎండితే సర్దుకుంటుంది," అన్నాడు మేస్త్రి.

ఆ చెక్క ఎండి అప్పటికి ముప్పై ఆరేళ్ళయింది.